చెవిలో మూడు పేర్లు

మా ఊళ్ళో ఎవరి చెవిలో ఎవరైనా గుసగుసలాడొచ్చు, బసిలిసా ఒక్కతే ఆ పని చేయకూడదు. చేపల బేరం దగ్గర ఆమె ఏదో చెప్పబోయి కాస్త వంగిందంటే చాలు, అవతలివాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు. "మానా సిలా, అక్కడినుంచే చెప్పు. నా చెవులు బాగానే పనిచేస్తున్నాయిలే," అని నవ్వేవాళ్ళు. మా యాసలో మానా అంటే అక్క, సిలా ఆమె ముద్దుపేరు. నవ్వుతూనే చేత్తో చెవి మూసుకునేవాళ్ళు. దాంతో ఆమె ఎవరి గుట్టు చెప్పాలన్నా ఊరంతా వినేలా చెప్పాల్సి వచ్చేది. ఇక ఆమెకు గుట్టు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

తప్పు ఆమెది కాదు, ఆమె పనిది. సమర్ దీవి తూర్పు ఒడ్డున ఉన్న మా ఊరికి ఫాదర్‌గారు పడవ మీద రావాలి. సముద్రం ఒప్పుకుంటే నెలకోసారి, ఒప్పుకోకపోతే అదీ లేదు. చావు మాత్రం ఫాదర్‌గారి కోసం ఆగదు. అందుకని ప్రాణం పోతున్నవాళ్ళ పక్కన కూర్చుని చెవిలో మూడు పేర్లు చెప్పే మనిషి ఒకరు ఊళ్ళో ఎప్పుడూ ఉండాలి. యేసు, మరియ, యోసేపు. ప్రార్థన అంతే. ఒంట్లో బాగున్నవాళ్ళకు పొడుగు ప్రార్థన ఉంది: నా హృదయాన్నీ ఆత్మనూ మీకు అప్పగిస్తున్నాను, నా ఆఖరి యాతనలో తోడుండండి, మీ చెంత నా ఊపిరి శాంతంగా విడవనివ్వండి అని పడుకునే ముందు చెప్పుకుంటారు. పోయేవాళ్ళకు అంత తీరికేది? వాళ్ళకు పేర్లు చాలు.

ఈ పని సిలాకు అత్తగారినుంచి వచ్చింది. "యోసేపు పోయేటప్పుడు ఒక పక్క కొడుకూ ఒక పక్క పెళ్ళామూ కూర్చున్నారే. అంత మంచి చావు లోకంలో ఇంకెవరికీ రాలేదు. అందుకే ఆ ముగ్గుర్నీ పిలవడం, ఒంటరిగా పోకుండా," అని ఆవిడ చెప్పేది. "నీ ఇష్టమొచ్చినట్టు గబగబా చదివెయ్యకు. వాళ్ళు ఊపిరి వదిలినప్పుడు ఒక పేరు చెప్పు. వాళ్ళు ఆలస్యం చేస్తే నువ్వూ ఆగు." పేర్లు వినకుండా పోయిన ఆత్మ దారి తెలియక మడ అడవుల్లో తిరుగుతుందని మా వాళ్ళంటారు. సిలా ఆ మాట మనస్ఫూర్తిగా నమ్మింది.

చిక్కేమిటంటే, అవే మూడు పేర్లు మా వాళ్ళ నోట్లో పొద్దస్తమానం ఆడుతుంటాయి. కుండ పగిలితే, ఉరుము ఉరిమితే, కోడి కంచంలోకి దూకితే, మూడింటినీ ఒకే ముద్ద చేసి విసిరేస్తారు. సిలాకు ఆ సుఖం కూడా లేదు. ఒకసారి గుళ్ళో బల్ల కాలి మీద పడితే నొప్పికి ఆ మాట అనేసింది. పక్కనున్న ముసలాయన మెల్లగా లేచి ఇంటికి పోయి, దుప్పటి కప్పుకుని, చాలారోజులు మంచం దిగలేదు. అప్పటినుంచి ఏం జరిగినా ఆమె పళ్ళు బిగబట్టుకోవడమే.

వాగవతల ఉండే సింప్లీసియో సంగతి మాత్రం నవ్వుకునేది కాదు. జ్వరంతో పడి ఉన్న ఆ మనిషి కోసం ఇంటివాళ్ళు సిలాకు కబురు పెట్టారు. వాగు పొంగితే ఆమె దాటలేదని, ముందే వచ్చి చెప్పేస్తే ఒక పని అయిపోతుందని వాళ్ళ తొందర. వంగి చెప్పేటప్పుడు అతని నుదుటి మీద ఆమెకు చెమట తగిలింది. జ్వరం దిగుతోంది. ఆ సంగతి బుర్రకెక్కేలోపే నోట రెండో పేరు వచ్చేసింది. సింప్లీసియో కళ్ళు తెరిచి ఆమెను చూశాడు. "అప్పుడేనా?" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. జావ వద్దన్నాడు, నీళ్ళూ వద్దన్నాడు, తెల్లారేసరికి పోయాడు. పేర్లు విని పోయాడు, అదృష్టవంతుడని ఇంటివాళ్ళు ఆమెకు అరటిపళ్ళ గెల ఇచ్చి పంపారు. ఆ చెమట గురించి సిలా తన మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మొగుడు క్రిస్పూలో కొబ్బరికల్లు గీసేవాడు, ఊరంతా అతన్ని మానో పులో, అంటే పులో అన్న, అనేది. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఈశాన్యపు గాలి మొదలైన రోజుల్లో, వద్దంటున్నా వినకుండా తడి చెట్టెక్కాడు. నడుముకు కట్టిన వెదురు గొట్టంతో సహా పడ్డాడు. మనుషులు అతన్ని చెక్క పలక మీద మోసుకొచ్చారు. ఎముకలు కట్టే ముసలాయన పక్కటెముకలు తడిమి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "లోపలెక్కడో గుచ్చుకుంది. ఇది నా చేతిలో లేదు. పట్నం ఆస్పత్రికి తీసుకుపోండి," అన్నాడు. అందరూ సముద్రం వైపు చూశారు. అలలు పడవల పాకలదాకా వస్తున్నాయి. సముద్రం తగ్గేదాకా అతను బతికుండాలి. ఇక మిగిలింది అదొక్కటే.

సిలా నీళ్ళ గిన్నె తీసుకుని తల దగ్గరికి వచ్చింది.

"అక్కడే ఆగు," అన్నాడు క్రిస్పూలో. "కాళ్ళవైపు కూర్చో."

"నీళ్ళు తాగించొద్దా?"

"అటునుంచే అందించు."

"నా చేతులేమన్నా పడవ తెడ్లా?"

అతను నవ్వలేదు. "నవ్వించకు, నొప్పి. నీ చెయ్యి రానీ, నోరు మాత్రం దూరంగా పెట్టు. సింప్లీసియోకి ఏమైందో నాకు చెప్పింది నువ్వే కదే."

ఆ మాట ఆమెకు కత్తిలా దిగింది. మొహం పక్కకు తిప్పుకుని నీళ్ళు తాగించింది. ఆనాటినుంచి తన నోరంటే తనకే భయం పట్టుకుంది. పడుకునే ముందు ప్రార్థన మానేసింది, పెదాలు కదలడం అతను చూస్తాడని. గాలికి కప్పు ఆకులు లేచిపోతే ఊళ్ళోవాళ్ళు ఆ మూడు పేర్లూ అరిచి పరిగెత్తుతుంటే, ఆమె తువ్వాలు పళ్ళమధ్య పెట్టుకుని తాళ్ళు బిగించింది. కునుకు తీయడానికీ భయమే, నిద్రలో అలవాటుకొద్దీ పేర్లు పలికేస్తానేమోనని.

పక్కింటి కొన్సోర్సియా తడుస్తూ వచ్చి ఆమెను వంటింట్లోకి లాగింది.

"ఊరందరికీ చెప్పావు మానా. సొంత మొగుణ్ణి ఉత్తచేతులతో పంపుతావా?"

"సముద్రం తగ్గుతుంది."

"తగ్గకపోతే?"

"తగ్గుతుందన్నానా?"

"మడ అడవిలో మానో పులో తిరుగుతుంటే అప్పుడేం చేస్తావు? పోనీ నేను చెప్తాను, జరుగు."

"ఆ గదిలో అడుగు పెట్టావంటే చీపురు తిరగేస్తాను కొన్సోర్. నీకు ఊపిరి వినడం రాదు."

కొన్సోర్సియా కళ్ళు తుడుచుకుని చూరు కిందికి వెళ్ళిపోయింది. అక్కడ అప్పటికే జనం ఉన్నారు. టోపీల మీంచి నీళ్ళు కారుతున్నా కదలకుండా కూర్చున్నారు. సిలా గొంతు ఎప్పుడు వినబడుతుందా అని ఎదురుచూస్తున్నారు. వాళ్ళందర్నీ తరిమెయ్యాలన్నంత కోపం వచ్చిందామెకు. ఎదురుచూసి ఎదురుచూసి వీళ్ళే చంపేస్తారనిపించింది.

మధ్యాహ్నం దాటాక అతని ఊపిరి మారింది. వేరేవాళ్ళకైతే తెలిసేది కాదు. వదిలిన ఊపిరికీ మళ్ళీ తీసుకునే ఊపిరికీ మధ్య కొంచెం ఖాళీ. మొదటిసారి గాలి చప్పుడులే అనుకుంది. రెండోసారి తనే ఊపిరి బిగబట్టి వింది. ఖాళీ ఉంది, పెరుగుతోంది. దుప్పటి కింద చెయ్యి పెట్టి పాదాలు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. గట్టిగా రుద్దింది. బయట సముద్రం అలాగే హోరెత్తుతోంది. ఇప్పుడు చెబితే భయంతో వదిలేస్తాడు, చెప్పకపోతే ఒంటరిగా పోతాడు. ఏది చేసినా తన చేత్తోనే.

"ఏమైందే? మొహం అలా ఉందేం?" అన్నాడతను.

"ఏం లేదు. పొగ."

"పొయ్యి వెలిగించనేలేదు కదా."

ఆమె దుప్పటి అంచు సర్దింది. అతను చాలాసేపు ఆమెనే చూశాడు. నీళ్ళ కోసం చాపిన చెయ్యి గిన్నె దాకా వెళ్ళకుండానే చాప మీద పడింది.

"భయంగా ఉంది సిలా."

"నాకూను."

"నీకెందుకు? ఎంతమందిని చూడలేదు?"

"చూశాను కాబట్టే."

అతను, "ఇటు రా," అన్నాడు. ఆమె అలవాటుగా కాళ్ళవైపు జరిగింది. "అటు కాదు, తల దగ్గరికి. వంగు. చెవి ఇలా పెట్టు."

ఏదో అడుగుతాడనుకుని ఆమె చెవి అతని పెదాలకు ఆనించింది.

"యేసు," అన్నాడు క్రిస్పూలో. ఊపిరి కూడదీసుకున్నాడు. "మరియ." మూడో పేరు రావడానికి చాలాసేపు పట్టింది. వస్తుందో రాదో అని ఆమె కళ్ళు మూసుకుంది. "యోసేపు."

"ఏం పనిది పులో?" అంది ఏడుస్తూ.

"నీ వంతు వచ్చినప్పుడు ఎవరు చెప్తారే నీకు? ఊళ్ళో ఆ పని నీకు తప్ప ఎవరికీ రాదు. నేనా, ఉండను." మళ్ళీ ఆగాడు. "ముందే చెప్పేశాను. దాచుకో."

అతని కళ్ళలో భయం అలాగే ఉంది. అయినా మొహం పక్కకు తిప్పి, తన కుడి చెవి ఆమెకిచ్చాడు.

"ఇక నువ్వు చెప్పు. తొందరపడకు."

సిలా వంగింది. చూరు కింద జనానికి ఆ గొంతు వినబడగానే టోపీలు తీశారు. ఆమె అతని ఊపిరి వెంటే వెళ్ళింది, ఆగినచోట ఆగింది. ప్రతి ఖాళీలోనూ ఇక రాదేమోనని ఆమె గుండె ఆగిపోయేది. వస్తే ఇంకో పేరు చెప్పేది. ఒకసారి ఎంతసేపు ఆగినా రాలేదు. వస్తుందని ఆమె అలాగే కాచుకుంది. రాకపోయేసరికి, ఆగకుండా చెప్పడం మొదలుపెట్టింది. కొన్సోర్సియా లోపలికొచ్చి భుజం పట్టుకుని, "చాలు మానా, వెళ్ళిపోయాడు," అంది. సిలా ఆమె చెయ్యి విదిలించుకుని, అలాగే వంగి చెబుతూనే ఉంది.