పరదా అందనంత గడ్డి

మా మేనమామ గంగారాం తన ఎడ్ల జోడును అమ్మేస్తాననడంతో ఈ ప్రయాణం మొదలైంది. మామది బోథ్ దగ్గర ఒక పల్లె. పత్తి, సోయా పండే నేల. వరి లేదు కాబట్టి ఎండాకాలం చివరికి పశువులకు మేత కరువు. "ఎల్లుండి పశువుల అంగడి. ఆ లోపల గడ్డి రాకపోతే జోడును తోలుకపోవుడే. మిరుగం కార్తెల దున్నుడుకు ట్రాక్టర్ కిరాయికి చెప్పుకుంట" అని ఫోన్లో అన్నాడట. దూడలప్పటి నుంచి పెంచిన ఎడ్లు. ఈ మాట మాకు చెప్పింది అవ్వ, అంటే మా అమ్మ.

చొప్పదండిలో మా యాసంగి వరి కోతలు అప్పుడే అయిపోయాయి. మిషన్ చుట్టిన గడ్డి కట్టలు పొలమంతా ఉన్నాయి. మా అన్న తిరుపతికి పికప్ బండి ఉంది. అన్న నిద్రపోకుండా మాట్లాడుతూ ఉండమని అవ్వ నన్ను కూడా పంపింది. నేను ఎంత తక్కువ మాట్లాడతానో ఇంట్లో అందరికీ తెలుసు. సంచిలో ఒక నవల, డైరీ పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున ఐదింటికి గడ్డి ఎక్కించడం మొదలుపెట్టారు. అరవై కట్టలు కాగానే అన్న టార్పాలిన్ పరదా కప్పబోయాడు. అంతలో మామ ఫోన్ చేసి ఇంకో పది కట్టలు వీలైతే చూడమన్నాడు.

"గడ్డికి బరువేంది కొడుకా, ఎయ్యి" అంది అవ్వ.

"బండి కాగితం మీద పన్నెండు క్వింటాళ్లే రాసుందవ్వా."

"కాగితాన్ని మోయమంటున్ననా? ఎప్పుడో ఒక్కసారే గదా."

పది కట్టలు ఎక్కాయి. తాళ్లు కట్టాక అవ్వ ఎనిమిది బియ్యం సంచులు తెచ్చి వెనక అంచున పెట్టించింది. కొత్త బియ్యం లేకుండా తమ్ముడి ఇంటికి బండి పంపడం ఆమెకు నామోషీ. పరదా లాగి చూస్తే పై వరుస దాకా అందలేదు. "మే నెలల వాన ఎక్కడిది?" అని అన్న దాన్ని పక్కలకే కట్టేశాడు. వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలు వంపు పోయి చదునుగా కనిపించాయి. నేను చూసి కూడా ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను.

ఏడింటికి బయలుదేరాం. గంగాధర మీదుగా జగిత్యాల చేరి డీజిల్ పోయించుకున్నాం. కోరుట్లలో పూరీలు తిన్నాం. ఈ దారిన వెళ్లేవారికి ఒక మాట. మెట్‌పల్లి దాటాక నీడనిచ్చే చోట్లు తక్కువ, మంచినీళ్లు అక్కడే నింపుకోవాలి. ఆర్మూర్‌లో భోజనం చేసి పెద్ద రోడ్డు ఎక్కాం. నేను పుస్తకం తీస్తే అన్న నవ్వాడు.

"నిన్ను తోడు పంపింది అవ్వ. నీకు తోడు ఆ పుస్తకం. ఇగ నాకెవలే?"

సోన్ దగ్గర గోదావరి వంతెన మీద ఉండగా ఉత్తరాన ఆకాశం నల్లబడింది. నిర్మల్ చేరేసరికి వాన దంచి కొట్టింది. కట్టలు ఒక్కొక్కటీ నీళ్లు తాగుతున్నాయని మాకు వెంటనే తెలియలేదు. ఊరు దాటాక అన్న స్టీరింగ్‌ను రెండు చేతులతో పట్టుకుని, "ముందట తేలిపోతుంది చెల్లె. చేతుల ఉంటలేదు" అన్నాడు. ఘాట్ మొదలయ్యేచోట ఒక చాయ్ హోటల్ ముందు బండి ఆపాడు.

అప్పటికి మూడున్నర. దిగి చూస్తే కమాన్లు వెనక్కి కుంగి, బండి మూతి ఆకాశం చూస్తోంది. తడి రోడ్డు మీద ఆ ఎత్తు ఎక్కుతుండగా బండి వెనక్కి జారితే, వెనక వచ్చేవాళ్ల మీదే పడుతుంది. అన్న మామకు ఫోన్ చేశాడు.

"ఇయ్యాల గడ్డి ముట్టుతదా అల్లుడా? ఎడ్లు కొనే బేపారి పొద్దున్నే అంగడికి రమ్మంటుండు" అన్నాడు మామ.

"ముట్టుతది మామా" అన్నాడు అన్న. ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాడు.

చాయ్ ఇచ్చిన హోటల్ పెద్దమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. "మీద మీద తడిసినది తీసెయ్యి బిడ్డా. నా రేకుల కింద ఆరేస్త. నా బర్రెలకు రెండు కట్టలియ్యి, మిగతావి మళ్లొచ్చి తీస్కపో" అంది. పై వరుస దించాం. ఒక్కో కట్టను ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. అయినా మూతి పూర్తిగా కిందికి రాలేదు.

"అంచున ఉన్న బియ్యమే ముంచుతున్నయి. ముందట పెట్టినా ఆ బరువుతోటి ఎత్తు ఎక్కది. ఈన్నే ఇడిసిపెడ్దామా అంటే అవ్వ నన్ను ఇంట్ల రానియ్యది" అన్నాడు అన్న.

అప్పుడు నిర్మల్ వైపు నుంచి ఆదిలాబాద్ బస్సు వస్తూ కనిపించింది. నేను రోడ్డు మీదికి వెళ్లి చెయ్యెత్తాను. ఎందుకు ఎత్తానో బస్సు ఆగాక గానీ నాకే తెలియలేదు.

కండక్టరమ్మ తలుపు తీసి, నేను చూపించిన బియ్యం సంచులు చూసింది. "ఏందమ్మా, లారీ అనుకున్నవా?"

బస్సులో అందరూ నన్నే చూస్తున్నారు. వెనక్కి తిరిగితే అన్న వానలో నిలబడి ఉన్నాడు.

"మా మామ ఎడ్లు పొద్దున అంగడికి పోతయక్కా. ఈ గడ్డి ఇయ్యాల ముట్టాలె. బండి ఘాట్ ఎక్కుతలేదు. బియ్యం మీరు తీస్కపోతే ఎక్కుతది."

కొత్తవాళ్లతో ఒక్క గుక్కలో నేను మాట్లాడిన పెద్ద మాట అదే. కండక్టరమ్మ ఏదో అనబోయింది. ముందు సీట్లోని ముసలాయన కాళ్లు పైకి తీసుకుని, "ఎడ్ల కోసమా? ఈన్నొకటి పెట్టు" అన్నాడు. తర్వాత ఇంకో సీటు కింద, ఇంకో సీటు కింద. నాకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్, బియ్యానికి లగేజీ టికెట్. "నీకంటే బియ్యానికే ఇజ్జత్ ఎక్కువ" అంది కండక్టరమ్మ టికెట్ చింపుతూ.

బోథ్ క్రాస్ రోడ్డు దగ్గర సంచులతో దిగాను. నాతోపాటు దిగిన ఒక పెద్దావిడ బండి వచ్చేదాకా ఉంటానని ఒక సంచి మీద కూర్చుంది. వాన తగ్గింది. అన్న ఫోన్ కలవడం లేదు. ప్రతి లారీ వెనకాలా మా బండే ఉందనిపించేది. పుస్తకం తీశాను. ఒక్క వాక్యం కూడా ఎక్కలేదు.

"నీ భావు వస్తడు తియ్యి. గడ్డి బండి ఉరుకదు, నడుస్తది" అంది ఆవిడ. ఆ ప్రాంతంలో అన్నను భావు అంటారు.

ఆరు దాటాక పచ్చని గుట్ట ఒకటి రోడ్డు మీద కదులుతూ వచ్చింది. మా పరదా. అన్న చేతులు ఇంకా స్టీరింగ్ పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. "మొత్తం మొదటి గేర్లనే ఎక్కిన" అన్నాడు. బియ్యం సంచులు ఈసారి డ్రైవర్ క్యాబిన్‌లో నా కాళ్ల కింద, పక్కన సర్దాడు. నేను వాటి మీద ముడుచుకుని కూర్చున్నాను. అక్కడి నుంచి ఎత్తు లేదు.

మామ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. బియ్యాన్ని చూడలేదు, మమ్మల్నీ సరిగా చూడలేదు. లోపలి నుంచి ఒక పొడి కట్ట లాగి, తాడు కోసి ఎడ్ల ముందు పరిచాడు. అవి తలలు దించాక బేపారికి ఫోన్ కలిపాడు.

"నేను రాను సేటు. ఎందుకంటే ఏం చెప్పాలె? నా ఎడ్లు తింటున్నయి."

మర్నాడు తిరుగు ప్రయాణం. అత్త రెండు సంచుల జొన్నలు పెట్టింది. మామ గుమ్మడికాయలు మోసుకొచ్చి, "ఖాళీ బండి పోతదా?" అంటూ కందులు తేవడానికి లోపలికి వెళ్లబోయాడు. "సాలు మామా" అన్నాను. ఆయన ఆగి నన్ను కొత్తగా చూశాడు. ఘాట్ దిగాక హోటల్ పెద్దమ్మ ఆరేసిన కట్టలు చూపించింది. అన్నీ ఆమె బర్రెలకే వదిలేశాం. ఆమె చాయ్ డబ్బులు తీసుకోలేదు.

తేలికైన బండి ప్రతి గుంతకూ ఎగిరింది. నవల చదవడం కుదరలేదు. ముందు రోజు బండిని కుంగదీసినవన్నీ గుర్తొచ్చాయి. మామ అడిగిన పది కట్టలు, అవ్వ పెట్టించిన బియ్యం, కాదనలేని అన్న. అందులో ఒక్కటి కూడా దురాశ కాదు. అందుకే ఎవరూ ఆపలేకపోయాం.

కోరుట్ల దగ్గర అన్న ఫోన్ మోగింది. మా ఊరి మల్లయ్య కాక. స్పీకర్‌లో మాట వినిపిస్తూనే ఉంది. "మొక్కజొన్న మార్కెట్‌కు వెయ్యాలె తిరుపతీ. జర ఎక్కువనే ఉంటది. ఎప్పుడో ఒక్కసారే గదా."

అన్న ఫోన్ నా చేతికిచ్చాడు.

"కాకా, నేను" అన్నాను. "మా పరదా ఎంతవరకు కప్పితే అంతవరకే ఎక్కిస్తం."