పుల్సార్ రంగు

మస్కట్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక హోటల్లో తొమ్మిదేళ్లుగా నా పని వైన్ సీసాలతో. అక్కడ సెలవు రోజైన శుక్రవారం ఆరాధనలో మా తెలుగు క్రైస్తవ సంఘంవాళ్లు ఏ డిపార్ట్‌మెంట్ అని అడిగితే మాత్రం స్టోర్స్ అనేవాణ్ణి. అబద్ధమేమీ కాదు. సీసాలుండే చల్లటి గది తాళం నా జేబులోనే ఉంటుంది. సాయంత్రమయ్యాక ఆ సీసాలను బార్‌లోకి పట్టుకెళ్లి, మూత తీసి గ్లాసుల్లో పోసేది కూడా నేనేనని ఎవరికీ చెప్పలేదు. మా సంఘంలో తాగుడు మానేసినవాళ్లు లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు, విన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. అక్కడ ముందు నిలబడి పాటలు ఎత్తుకునేది నేను. పని ఫలానా అని తెలిస్తే మరుసటి వారం నన్ను వెనక వరసలో కూర్చోబెట్టేవాళ్లు.

నేను తాగను. ట్రైనింగ్‌లో వైన్ నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేయడానికి ఒక స్టీలు బకెట్ పెట్టేవాళ్లు. మా బ్యాచ్‌లో ఆ బకెట్‌ను నిజాయితీగా వాడింది నేనొక్కణ్ణే. రంగు, వాసన, నాలుక మీద ఒక్క క్షణం. నా చదువు అంతవరకే. ఉద్యోగానికి అది సరిపోయింది.

పుల్సార్ అనే ద్రాక్ష పేరు రెండేళ్ల కిందట విన్నాను. మా ఫ్రెంచ్ చెఫ్ సొంత ఊరివైపు పంట అది. తూర్పు ఫ్రాన్స్‌లో, స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గర, జూరా అనే కొండప్రాంతం ఉంది. ఆ ద్రాక్షను అక్కడివాళ్లు పండించుకుంటారు, వాళ్లే ఎక్కువగా తాగుతారు, బయటివాళ్లకు పెద్దగా తెలియదు. చెఫ్ పట్టుబట్టి కొన్ని పెట్టెలు తెప్పించాడు. పండు చూడటానికి నల్లగానే ఉంటుందట గానీ తొక్క మాత్రం ఉల్లిపొరంత పలచన. రెడ్ వైన్‌కు రంగు తొక్కనుంచే వస్తుంది, లోపలి రసానికి రంగుండదు. అందుకని పుల్సార్ పేరుకే రెడ్ వైన్. గ్లాసులో పోస్తే దానిమ్మగింజలు కడిగిన నీళ్లలా ఉంటుంది. ఎక్కడైనా తెల్ల వైన్ ముందు పోసి, ఎర్రది తర్వాత పోస్తారు. జూరాలో ఎర్రదే ముందు పోస్తారని చెఫ్ చెప్పాడు.

మొదటి సీసా తెరిచిన రోజే ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి గ్లాసు దీపం వైపు ఎత్తి చూశాడు.

“క్యా భాయ్, పానీ మిలాయా క్యా?”

నాకు ఒళ్లు మండింది. నీళ్లు కలిపావా అని బార్‌లో అనడం అంటే దొంగతనం అంటగట్టడమే. అయినా నవ్వు మొహంతోనే తొక్క సంగతి, రంగు సంగతి విడమరిచి చెప్పాను. రంగు తక్కువే గానీ ద్రాక్ష తక్కువ కాదు సార్, ఒకసారి వాసన చూడండి అన్నాను. ఆయన వాసన చూశాడు, తాగాడు, ఇంకో గ్లాసు అడిగాడు. ఆ తర్వాత అదే మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పిచెప్పి నోటికి వచ్చేసింది. పుల్సార్‌కు నువ్వే లాయరువి అని చెఫ్ నవ్వేవాడు. నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

మా సంఘంలో నెలకొకసారి, మొదటి శుక్రవారం, ప్రభువును తలుచుకుని రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభు బల్ల. దానికి కావలసిన ద్రాక్షారసం కాచే పని ఒక నర్సమ్మగారిది. భీమవరం వైపు ఆవిడ, ఒక ప్రైవేటు క్లినిక్‌లో డ్యూటీ, దార్సైట్‌లో చిన్న ఫ్లాట్. గురువారం డ్యూటీ దిగాక నల్లద్రాక్ష కడిగి, తొక్కతోనే ఉడకబెట్టి, చిదిమి, తెల్లగుడ్డలో వడకట్టి, చల్లార్చి తెచ్చేది. పద్దెనిమిదేళ్లుగా ఆవిడే. పాట పాడదు, వాక్యం చెప్పదు, కమిటీలో లేదు. సంఘంలో ఆవిడకున్న చోటల్లా ఆ గిన్నె దగ్గరే.

కిందటేడు ఒక నెల బల్ల మీద గుడ్డ తీయగానే ముందు వరసలో చిన్న కదలిక వచ్చింది. చిన్న గ్లాసుల్లో రసం లేత గులాబీ రంగులో ఉంది. నాకు ఒక్క చూపులోనే అర్థమైంది. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు, అందరం తీసుకున్నాం. రుచి బాగానే ఉంది, ఎప్పటికంటే కాస్త తియ్యగా కూడా ఉంది.

ఆరాధన అయ్యాక వెనక గదిలో కమిటీవాళ్లు నర్సమ్మగారిని పిలిచారు. పాటల బాధ్యత నాది కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను.

“సిస్టర్‌గారూ, ఈసారి నీళ్లు కాస్త ఎక్కువైనట్టున్నాయండి,” అన్నాడు సంఘపెద్ద.

“చుక్క నీళ్లు పొయ్యలేదండి. నల్లవి ఎక్కడా దొరకలేదండి, ఎర్రవి తెచ్చాను. ఎప్పట్లాగే తొక్కతో కాచాను.”

“ఎర్రవే అయితే ఎర్రగా రావాలి కదండీ. ప్రభువు రక్తానికి గుర్తు. ఇలా ఉంటే ఎలాగండి?”

ఇంకొకాయన జాలిగా అందుకున్నాడు. “వయసైపోతోంది, చూపు ఆనటం లేదేమో. పాపం ఇంకా ఆవిడనెందుకు శ్రమపెట్టడం? వచ్చే నెల నుంచి సూపర్‌మార్కెట్లో జ్యూసు తెచ్చేద్దాం.”

నర్సమ్మగారు ఒక్కొక్కరి మొహమే చూసింది. నీళ్లు పొయ్యలేదండి అని మళ్లీ అంది, ఈసారి ఇంకా మెల్లగా. ఆ పండుకు తొక్క పలచన అండి, రంగు అంతే వస్తుంది, ఆవిడ తప్పు లేదు అని చెప్పడానికి నాకు పది మాటలు చాలు. ఆ పదీ నోట్లోనే ఉన్నాయి. నీకెలా తెలుసు అని ఎవరైనా అడుగుతారు. అప్పుడేం చెప్పాలి? నేను బయటికొచ్చి హాల్లో కుర్చీలు మడవడం మొదలుపెట్టాను. లోపల మాట ఖాయమైపోయింది.

అందరూ వెళ్లాక ఆవిడ సింకు దగ్గర చిన్న గ్లాసులు కడుగుతోంది. నేను వెళ్లి తుడవడానికి గుడ్డ అందుకున్నాను.

“బాబూ, నీకు తెలుస్తుంది కదా, చెప్పు. నేనేం తప్పు చేశాను?”

తొక్క సంగతి చెప్పాను. ఫ్రాన్స్‌లో పుల్సార్ అనే పండు ఉందని, దానిదీ ఇదే గొడవని చెప్పాను. ఆవిడ చేతులు ఆపి మొత్తం వింది. మొహం తేటపడింది.

“అయితే నా చేతిలో పొరపాటు లేదన్నమాట.”

“లేదండి.” అప్పుడు గానీ నాకు వెలగలేదు. “నాకు తెలుస్తుందని మీకెవరు చెప్పారండి?”

“మీ హోటలోళ్ల మెడికల్ కాగితాలు మా క్లినిక్కే వస్తాయి బాబూ. నీ ఫొటో, దానికింద బార్ వెయిటర్ అని. ఏటా స్టాంపు వేసేది నేనే.” కుళాయి కట్టేసింది. “నేనెవరితోనూ అనలేదులే. పాటలు బాగా పాడతావు.”

అంతే అంది. లోపల ఎందుకు నోరు విప్పలేదని ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండేది. అంత సిగ్గు నాకు ముందెప్పుడూ వేయలేదు. వచ్చే వారం పెద్దలతో మాట్లాడతానండి అన్నాను. సరే బాబూ అని గ్లాసులన్నీ పెట్టెలో సర్దింది.

మరుసటి వారం నాకు డ్యూటీ పడింది. ఆ పై రెండు వారాలు పెద్దాయన ఊళ్లో లేడు. ఆ తర్వాత బల్ల వారం రానే వచ్చింది. గుడ్డ తీస్తే గ్లాసుల్లో డబ్బా జ్యూసు, చిక్కగా, దాదాపు నల్లగా ఉంది. రంగు కలిపామని డబ్బా మీదే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. నర్సమ్మగారు ఆడవాళ్ల వైపు చివరి వరసలో, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బల్ల వారం ఆవిడ గిన్నె లేకుండా రావడం నేను చూడటం అదే మొదటిసారి.

సంఘపెద్ద గ్లాసు అందుకుని నావైపు వంగాడు.

“చూశావా తమ్ముడూ, రంగంటే ఇదీ!”

“అవునండి,” అన్నాను. పాట ఎత్తుకున్నాను.