చదరపు గోళ్ల నిశ్చితార్థం

గోళ్లకు కూడా ఆకారాలుంటాయని, వాటిలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన రోజు ఆడపిల్లకు వస్తుందని నాకు తెలియని కాలమది. అప్పుడే చదువు ముగించి నిజామాబాద్‌లో ఒక నర్సింగ్ హోంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. పొద్దున వెళ్లింది మొదలు ఎవరో ఒకరి మోచేతి దగ్గర నరం వెతికి రక్తం తీయడమే నా పని. ఆ పనిలో గోరు వేలి కొన దాటకూడదు. దాటితే గ్లవ్ చిరుగుతుంది. చిరిగితే మా సిస్టరమ్మ (మా అందరి మీదా పెత్తనం ఆవిడదే) నా చెయ్యి పైకెత్తి పేషెంట్లతో సహా అందరికీ చూపించేది. అందుకని ఆదివారం చర్చికి పోయేముందు గడప దగ్గర కూర్చుని టకటకా కత్తిరించేసుకునేదాన్ని. కత్తిరించాక మిగిలిందే ఆకారం. కొన్ని వాలుగా, కొన్ని వంకరగా ఉండేవి. నా గోళ్ల గురించి నేను గానీ, నా గురించి అవి గానీ ఎన్నడూ పట్టించుకున్నది లేదు.

అట్లా ఉండగా బోధన్ నుంచి నన్ను చూసుకోవడానికి వచ్చారు. అబ్బాయి ట్రాక్టర్ల షోరూంలో పనిచేసేవాడు. నెమ్మదస్తుడు, మా మెథడిస్టు సంఘాల వాళ్లే. అతని తల్లి నా చేతిలోంచి టీ కప్పు అందుకుంటున్నదల్లా ఆగి, నా వేళ్ల వంక చూసింది. చూసి, "పని చేసే చేతులు" అంది. తర్వాత టీ తాగింది. సంబంధం ఖాయమైంది, నిశ్చితార్థానికి తారీఖు కూడా పెట్టుకున్నారు. కానీ ఆ మూడు మాటలు మా ఇంట్లోనే ఉండిపోయాయి. మా అవ్వ (మా వైపు అవ్వంటే అమ్మే, నాయనమ్మ కాదు) గిన్నెలు సర్దుతూ, "వంక వెట్టింది బిడ్డా. చేతులు మొరటుగున్నయని సూటిగ అనలేక గట్లన్నది," అని తేల్చింది. మా బాపు తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. ఆయన చెవి మీది పెన్సిల్ తీసి చూసుకుంటూ, "వంకెందుకైతది? మెచ్చుకున్నది. పనోళ్లను పనోళ్లే మెచ్చుకుంటరు," అన్నాడు. ఇద్దరి మధ్యా కూర్చుని నేను నా చేతులు చూసుకున్నాను. ఎంత చూసినా అవి ఎటూ తేల్చలేదు.

మా చర్చి హాల్లో ఉంగరాలు మార్చుకోవాలి. అందరి కళ్లూ, ఫోటోవాళ్ల కెమెరాలూ నా చేతి మీదే ఉంటాయి. ఆ ఆలోచన వచ్చాక నాకు అన్నం సయించలేదు. ఇక లాభం లేదని నిశ్చితార్థానికి రెండు రోజుల ముందు డ్యూటీ దిగి తిన్నగా బ్యూటీ పార్లర్‌కు పోయాను. అక్కడి ఆమెను అందరూ పార్లరక్క అనేవాళ్లు. ఆమె నా చేతిని దిండు మీద పెట్టుకుని, "షేపేది పెట్టాలె?" అని అడిగింది. నేను "గోరు షేపే" అన్నాను. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, ఓపికగా మొదలుపెట్టింది.

"రౌండు ఉంటది, స్క్వేరు ఉంటది, ఓవల్ ఉంటది. బాదంపప్పు లెక్క మొన తేలింది ఉంటది. ఇప్పుడు ఎక్కువ కాఫిన్ నడుస్తున్నది."

"కాఫిన్ అంటే శవపెట్టెనా అక్కా?"

"అవు, గదే. కొసకు సన్నగై, ఆడ సాఫ్‌గ కోసినట్టుంటది."

"మా బాపు చేస్తడు గవి," అన్నాను. (మా సంఘంలో ఎవరు పోయినా పెట్టె చేసేది మా బాపే.)

పార్లరక్క చేతిలోని ఆకురాయి ఆగిపోయింది. "మీ బాపుకు పార్లరున్నదా? ఏడ?"

"పార్లర్ కాదక్కా, కట్టె పని."

ఆమెకు అది ఎంతవరకు అర్థమైందో నాకు తెలియదు. నా వేళ్లు అటూ ఇటూ తిప్పి, "సూడు చెల్లె, నీ వేళ్లు పొట్టిగ, వెడల్పుగున్నయి. ఓవల్ పెడితే పొడుగు కొడతయి. స్క్వేర్ పెడితే ఇంకింత వెడల్పు కనవడతయి. రోజు పని చేసుకుంటనంటవా, కురచగ రౌండు మంచిది, ఏడ తట్టుకోదు. ఇంటికాడ అడిగి రేపు రా," అంది. అందానికి ఒకటి, పనికి ఒకటి. మరి నా చేతులు పని చేసేవని నిందపడ్డాయా, మెప్పు పొందాయా అన్నదే తేలనప్పుడు నేను ఏది పెట్టించుకోవాలి? దారి పొడుగునా ఎదురొచ్చిన ఆడవాళ్లందరి గోళ్లూ చూస్తూ నడిచాను. ఒకామె తన ఉంగరం వంక చూస్తున్నాననుకుని చెయ్యి కొంగులో దాచుకుంది.

ఇంటికొచ్చాక బాగా ఆలోచించి, చూడాల్సిన మనిషినే అడిగితే పోతుందని బోధన్ అబ్బాయికి ఫోన్లో మెసేజ్ పెట్టాను. "ఎల్లుండికి రౌండ్ చేయించాలా, స్క్వేరా?"

వెంటనే జవాబొచ్చింది. "స్క్వేర్ మంచిది. రౌండైతే పంచేటప్పుడు కొసలు దండుగ పోతయి."

నాకు పంచడమేమిటో బోధపడలేదు. అయినా ట్రాక్టర్ల మనిషి కదా, వాళ్ల భాషలో ఏదో ఉండి ఉంటుందని సరిపెట్టుకున్నాను. "ఓవల్ కూడా ఉందట. గుడ్డు లాగా" అని రాశాను.

"గుడ్డు అస్సలు వద్దు. మా మేనత్తకు వాసన పడది."

(మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకు కాలేదు.) ఒకరి మేనత్తకు నా గోళ్ల ఆకారంతో ఏం పని అని చాలాసేపు ఆలోచించాను. వాళ్లింట్లో ఏదైనా పట్టింపు ఉందేమో, అడిగితే బాగుండదేమో అని ఊరుకున్నాను. ఆయనే మళ్లీ రాశాడు. "పెద్దదే చేయించు, మావోళ్లు మస్తుగ వస్తున్నరు. తెలుపు మీద గులాబి రంగుతో మనిద్దరి పేర్లు రాయించు. ఇంగ్లిష్‌ల." అది చదివి నా గుండె కొంచెం ఝల్లుమన్న మాట నిజం. చూస్తే నెమ్మదస్తుడు, లోపల ఇంత సరదా ఉందన్నమాట అనుకున్నాను.

మర్నాడు పార్లరక్క ఎంత చెప్పినా నేను వినలేదు. "స్క్వేరే పెట్టక్కా, పొడుగ్గా పెట్టు, పేర్లు రాయి," అన్నాను. నా సొంత గోళ్లకు అంత సంపద లేదు కనుక ఆమె వాటి మీద వేరే గోళ్లు అతికించి, చదరంగా రాకి, తెల్లరంగు వేసి, గోరుకొక అక్షరం చొప్పున రాసింది. కుడిచేతికి నా పేరు సరిపోయింది. ఎడమచేతికి ఆయన పేరు రాస్తుంటే చివరి అక్షరానికి వేలు లేకపోయింది. "మీ ఆయన పేరు జర కురచ చేద్దామా?" అని అడిగింది పార్లరక్క. ఆ మాటకే నేను సిగ్గుపడిపోయి సరేనన్నాను. ఇంటికి పోయి చూపిస్తే బాపు నా చేతిని వెలుతురులోకి తిప్పి, "మూలలు మంచిగ కొట్టింది," అన్నాడు. అవ్వ మాత్రం, "గిట్లుంటె అన్నమెట్ల కలుపుకుంటవే?" అంది. కలుపుకోలేకపోయాను. ఆ పూట చెంచాతో తిన్నాను.

నిశ్చితార్థం నాడు హాలు నిండిపోయింది. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి, ఉంగరాల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించి, ముందు అబ్బాయిని తొడగమన్నారు. ఆయన నా ఎడమచేయి అందుకున్నాడు. అందుకుని అట్లాగే ఉండిపోయాడు. తన పేరు, అదీ తోక తెగిన పేరు, నా వేళ్ల మీద గులాబిరంగులో చదువుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. మెల్లగా అడిగాడు. "గిదేంది?"

"మీరే రాయించుమన్నరు గదా."

"నేనన్నది కేకు మీద."

"ఏ కేకు?"

"నువ్వు చేయిస్తున్న కేకు. స్క్వేర్‌ది."

నా కళ్ల ముందు పంచడం, గుడ్డు, మేనత్త, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఆయన ఎట్లాగో ఉంగరం తొడిగాడు. ఇక నా వంతు. ఆ పొడుగాటి గోళ్లతో పెట్టెలోంచి ఉంగరం తీయడమే ఒక ఎత్తయింది. తీసి, తొడగబోతుంటే నా బొటనవేలి గోరు మూల ఆయన వేలికి గీసుకుని సన్నగా రక్తం చిమ్మింది.

ఆ తర్వాత జరిగింది నేను చేసింది కాదు, నా ఉద్యోగం చేసింది. రక్తం కనపడగానే నాకు హాలు లేదు, అయ్యగారు లేరు. చీర చెంగు మడిచి ఆయన వేలి మీద అదిమి పెట్టి, రోజూ వందమందికి చెప్పే గొంతుతో, "ఏం కాదు, భయపడకండి. గట్టిగా వత్తి పట్టుకోండి, రుద్దకండి. మీకు షుగర్ ఉందా?" అని అడిగాను. అయ్యగారి చేతిలోని మైకు మా ఇద్దరి మధ్యే ఉంది. నా ప్రశ్న హాలు వెనక వరసదాకా వినిపించింది. అప్పుడు మగపెళ్లివాళ్ల వరసలోంచి ఒక పెద్దమనిషి తాపీగా అన్నాడు. "బోధన్ల షుగరెక్కడిది బిడ్డా, చక్కెర ఫ్యాక్టరీ బందై ఎన్నేండ్లాయె."

ఆ నవ్వు ఎంతసేపు సాగిందంటే అయ్యగారు బైబిలు మూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది. నవ్వని మనిషిని నేనొక్కదాన్నే. నవ్వాలో ఏడవాలో తేల్చుకునే లోపలే వాళ్లవైపు పిల్లలు రిబ్బను కట్టిన చాకు పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతూ, "కేకేది?" అని అడగడం మొదలుపెట్టారు. మా అవ్వకు సంగతేమిటో తెలియకపోయినా ఆపద వచ్చిందని మాత్రం అర్థమైంది. వంటవాళ్ల దగ్గరికి పోయి, భోజనాలకు చేసిన డబల్ కా మీఠా పళ్లెం ఎత్తుకొచ్చి బల్ల మధ్యలో పెట్టింది. అది చదరంగానే ఉంది. చాకు దిగగానే పాకం ఊరి రిబ్బను తడిసింది. ఆయన నాకో ముక్క, నేనాయనకో ముక్క తినిపించుకున్నాం. ఆయనకు పెట్టిన దాంట్లో సగం నా గోళ్ల కిందే ఉండిపోయింది.

ఎవరూ చూడకుండా కడుక్కుందామని హాలు వెనక నల్లా దగ్గరికి పోయాను. ఎంత రుద్దినా పాకం పోదు, గట్టిగా రుద్దితే గోరు ఊడేట్టుంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే వెనకనుంచి కాబోయే అత్తమ్మ వచ్చింది. అక్కడి మెట్టు మీద కూర్చుని, నా చెయ్యి ఒళ్లోకి లాక్కుని, అగ్గిపుల్లతో ఒక్కొక్క గోరు కిందా మెల్లగా తీయసాగింది. ఆమె చేతులు అప్పుడు దగ్గరగా చూశాను. కాలువ కింద, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ సెట్లర్ల పొలాల్లో ఏళ్లకేళ్లు నాట్లు వేసిన చేతులవి. గోళ్లు అరిగిపోయి వేళ్లలో కలిసిపోయాయి. నాకెక్కడినుంచో ధైర్యం వచ్చింది.

"అత్తమ్మా, చూడొచ్చిననాడు పని చేసే చేతులన్నరు. మంచిగన్నరా, చెడ్డగన్నరా?"

ఆమె పుల్ల ఆపి నావంక చూసింది. నాకన్నా ఎక్కువ అయోమయం ఆమె మొహంలో కనపడింది. "గా మాట చెడ్డగ గూడ అనొచ్చా?" అంది. తర్వాత మళ్లీ పనిలో పడింది. చిటికెనవేలి దాకా వచ్చాక, తన చెయ్యి చాపి, కొంచెం మొహమాటంగా అడిగింది. "నాకేది మంచిగుంటది? గీ స్క్వేరా?"

రౌండు, ఓవల్, బాదంపప్పు, అన్నీ నా నోటి దాకా వచ్చాయి. ఆ చేతి పక్కన ఏదీ నిలబడలేదు. "నాకు తెల్వదు అత్తమ్మా," అన్నాను. "పార్లరక్కను అడుగుదాం."

అడిగాం కూడా. అతికించిన గోళ్లు మర్నాడే తీయించుకుని డ్యూటీకి పోయాను కానీ, పెళ్లికి ముందు అత్తమ్మ కొడుకును తోడు తీసుకుని బోధన్ నుంచి బస్సెక్కి వచ్చి నాతోపాటు పార్లర్‌లో కూర్చుంది. పార్లరక్క ఉన్నంతలో గుండ్రంగా దిద్ది, రంగులేని పాలిష్ వేసింది. తిరుగు బస్సులో అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుని, ఎండలోకి చెయ్యి చాపి చూసుకుంటూ పోయిందని తర్వాత మా ఆయన చెప్పాడు.

ఇప్పటికీ నేను రక్తం తీస్తూనే ఉన్నాను. గోళ్లు కురచగా, గుండ్రంగా ఉంచుకుంటాను. ఆ మెసేజ్‌లు పెట్టిన పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. అన్నిట్లో ఒక్కచోట 'గోళ్లు' అని రాసి ఉంటే సరిపోయేది. కాబోయే భర్తకు గోళ్ల గురించి రాస్తే ఏమనుకుంటాడోనని సిగ్గు ఆమెకు. రోజంతా పరాయివాళ్ల చేతులు పట్టుకుని నరాలు వెతికే పిల్లకు అంత సిగ్గు ఎక్కడ దాక్కుని ఉండేదో. ఇప్పుడు నాకది లేదు. పాలప్యాకెట్ తెమ్మన్నంత సులువుగా ఆయనను ఏమైనా అడిగేస్తాను. ఆ సిగ్గు ఎప్పుడు పోయిందో గుర్తులేదు. పోయేముందు నాతో ఒక్క మాట చెప్పి పోతే బాగుండేదని మాత్రం ఒక్కోసారి అనిపిస్తుంది.