కుసుమ గారి బూట్లు

ప్రతి ఆదివారం నగర శివారు కానింగ్ వేల్‌లోని ఇంటి నుంచి అడవిలో నడకకి వచ్చే కుసుమ గారు, గేటు దగ్గరున్న బ్రష్షుతో బూట్లు రుద్దుకోనిదే లోపల అడుగు పెట్టరు. మిగతావాళ్లు రెండు రుద్దులు రుద్ది వెళ్లిపోతారు. ఆవిడ మాత్రం ఒంగి, అడుగున ఇరుక్కున్న మట్టిని తలపిన్నుతో గీకి గీకి తీస్తారు. బయటి మట్టితో వచ్చే తెగులు ఈ దేశపు జారా చెట్ల వేళ్లను కుళ్లబెడుతుందని గేటు మీద బోర్డుంది. రెండేళ్ల కిందట ఆవిడ దాన్ని చదవలేదు. ఇంట్లో ఎండిపోయిన తులసిని బిన్‌లో పారేయడానికి చేతులు రాక, కుండీ మట్టితో సహా తెచ్చి ఒక జారా చెట్టు మొదట్లో పోసి దణ్ణం పెట్టుకున్నారు. ఇప్పుడా చెట్టు పై కొమ్మల నుంచి ఎండిపోతూ వస్తోంది. తన మట్టి వల్లేనా అని ఆవిడ ఎవర్నీ అడగలేదు. దాని దగ్గరికి రాగానే నడక మాత్రం వేగమవుతుంది.

మొన్న తోడొచ్చిన పక్కింటి తన్మయి సరిగ్గా అక్కడే ఆగి, "ఆంటీ, అమ్మ పూజ పువ్వులిచ్చింది. డస్ట్‌బిన్‌లో వేస్తే పాపమట. ఈ ట్రీ కింద పెట్టేయనా?" అంటూ కవరు విప్పింది. కుసుమ గారు కవరు లాక్కుని గట్టిగా ముడేశారు.

"వద్దమ్మా, నేను బిన్‌లో వేస్తాలే. ఆ పాపమేదో నాకే రానీ."