డోరక్క ఆమెన్ అనలేదు

మా డోరక్కకు నోరెక్కువ అని ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతది. ఆ నోరు ఎందుకు లేచిందో ఇని, అప్పుడు చెప్పున్రి.

మాది కార్ఖానా ఏరియాల బడిపుస్తకాలు అచ్చేసే చిన్న కంపెనీ. పుస్తకాలు కొన్న బళ్లకు పోయి, అక్కడి టీచర్లకు పాఠం ఎట్ల చెప్పాల్నో నేర్పించుడు డోరక్క పని. కంపెనీ షురూ అయినప్పటి సంది ఉన్నది. ఏ ఊరి బస్టాండ్‌ల బాత్రూమ్‌కు గడియ లేదో, ఏ లాడ్జిల తలుపు సరిగ పడదో ఆమెకు నోటికొచ్చు. పుట్టి పెరిగింది మౌలాలి రైల్వే క్వార్టర్స్‌ల. నాన్న గూడ్స్ బండి డ్రైవరు. ఆదివారం చర్చి కోయిర్‌ల పాడుతది, సోమవారం అదే గొంతుతోని మమ్మల్ని దులుపుతది.

మా ఓనరు జ్ఞానశేఖర్ సార్. మంచోడే, కాదన. ఆయనదొక ఆనవాయితీ ఉన్నది. ఎవరు టూర్‌కు పోతున్నా కారు చుట్టూ అందరినీ నిలబెట్టి ప్రార్థన చేస్తడు. రోడ్డు, టైర్లు, బ్రేకులు, ఎదురొచ్చే లారీలు, అన్నీ ప్రభువుకు అప్పజెప్తడు. చివరికి అందరం "ఆమెన్" అనాలె. బొట్టు పెట్టుకున్న నేను సుత అంట. నా ఆమెనే అందరికన్నా గట్టిగుంటది.

పోయినేడు గట్లనే ఆమెన్ అని, డోరక్క లెక్కనే టీచర్లకు నేర్పించే బ్యూలాని టూర్‌కు పంపినం. మర్లొచ్చేటప్పుడు డ్రైవరు కునుకు తీసిండు, కారు పోయి కల్వర్టుకు గుద్దుకున్నది. బ్యూలా కాలు విరిగింది. సార్ ఆపిల్ పండ్లు పట్టుకొని ఆస్పత్రికొచ్చి, "ప్రాణం దక్కింది, ప్రభువు మేలు" అన్నడు. ట్రైనింగ్ అయిపోయినంక జరిగింది కాబట్టి అది డ్యూటీ కిందికి రాదని ఆఫీసు చేతులు దులుపుకున్నది. సీతాఫల్‌మండిల తన ఇంటి మెట్లు బ్యూలా ఇప్పటికీ గోడ పట్టుకొనే ఎక్కుతది. అది చూసినప్పటి సంది డోరక్క లోపల రగులుతనే ఉన్నది.

మొన్న వానల్ల ఆసిఫాబాద్ టూర్ పడ్డది. డోరక్కతోని నీహారిక పోవాలె. కొత్తగ చేరిన పిల్ల, అదే మొదటి టూరు, సంబురంగ ముందే పోయి కారుల కూసున్నది. డ్రైవర్ తిరుమల్‌ను చూస్తే నాకే భయమైంది. రాత్రంతా విజయవాడ సంది పుస్తకాల బండి నడుపుకొచ్చి, అట్లనే ఈ కారెక్కిండు. కండ్లు మిరపపండ్ల లెక్కున్నయి.

"తమ్ముడూ, నిద్రపోయావా?" అని అడిగింది డోరక్క.

"ఏం గాదు మేడమ్, చాయ్ కొడ్తే సెట్."

పోయి సార్‌కు చెప్పింది. ఆయన చెయ్యి ఊపి, "ప్రభువే స్టీరింగ్ పట్టుకుంటాడమ్మా. రండి, తలలు వంచండి" అన్నడు. వంచినం. పెద్ద ప్రార్థన చేసి "ఆమెన్" అన్నడు. అందరం అన్నం. డోరక్క అనలేదు. కండ్లు సుత మూయలేదు, చేతులు కట్టుకొని నిలబడ్డది. ఒక్కరు ఆమెన్ అనకున్నా మా ఆఫీసుల కారు కదలదు.

"ఏమ్మా డోరా, విశ్వాసం తగ్గిందా?" అన్నడు సార్.

"నా విశ్వాసానికేం సార్, నిక్షేపంగా ఉంది. నిద్ర లేంది తిరుమల్‌కి."

నాకు నవ్వొచ్చి పండ్లు బిగవట్టిన. సార్ మొఖం ఎర్రగైంది. "ఇన్నేళ్లూ దేవుడు కాపాడలేదా?"

"కాపాడాడు. కానీ టూర్‌కి పంపేది దేవుడు కాదు, మీరు. డ్రైవర్ని పడుకోబెట్టడం మీ పని. అది కూడా ఆయన మీదికి తోసేసి, నాతో ఆమెన్ అనిపిస్తారా? అనను. రెస్ట్ లేకపోతే మా నాన్నని రైల్వే వాళ్లు ఇంజనెక్కనిచ్చేవాళ్లు కాదు. ఆయన బండిలో ఉండేది బొగ్గు సార్. ఈ బండిలో ఉంది ఆడపిల్ల!"

అట్లనుకుంటనే నీహారిక చెయ్యి పట్టి కిందికి దించింది.

"అయితే రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు!"

"రేపటి సంగతి రేపు. ఇవాళ మాత్రం ఈ కారు కదలదు."

పోయి గేటుకు అడ్డంగ బ్యాగు పెట్టి, దాని మీదనే కూసున్నది. వాన షురూ అయింది. అబ్బ, లేస్తదా! నేను పోయి గొడుగు పట్టిన. "సుకన్యా, నువ్వు లోపలికి పో" అని సార్ గుడ్లురిమిండు. ఉరమనీ, నాకేంది! నేను కదల్లే.

ఆ పంచాయితీ తిరుమలే తెంపిండు. తాళంచెవి సార్ చేతిల పెట్టి, "మేడమ్ చెప్పింది నిజమే సార్, నాతోని కాదు" అని, గోడౌన్‌ల పుస్తకాల కట్టల మీద ఒరిగిండు. ఆ గురక గల్లీ దాంక ఇనబడ్డది.

టూర్ మర్నాటికి జరిగింది. పోయిన్రు, మంచిగ వచ్చిన్రు. డోరక్కను సార్ తీసెయ్యలేదు. ఆమె ముఖం చూసే బళ్లోళ్లు మా పుస్తకాలు కొంటరని ఆయనకు ఎరుకే. కానీ శనివారం మీటింగ్‌ల అందరి ముంగట దెప్పిండు. "అంత గొడవ చేసి ఏం సాధించావమ్మా? అదే తిరుమల్, అదే కారు. ఏ ప్రమాదమూ జరగలేదుగా!"

డోరక్క కూసున్న చోటి నుంచే అన్నది. "జరిగుంటే మీకు జవాబు చెప్పడానికి నేనుండేదాన్ని కాదు సార్. సమాధి దగ్గర మీరు మాత్రం మంచి ప్రార్థన చేసేవాళ్లు."

సార్ గొంతు సవరించుకున్నడు. "ఇక డోరా టూర్లకు వద్దు. దేవుడి మీద నమ్మకం ఉన్నవాళ్లే వెళ్తారు. నీహారికా, సోమవారం ఖమ్మం వెళ్తావా?"

అందరం ఆ పిల్ల దిక్కు చూసినం. కొత్త నౌకరి, ఇంకా పర్మినెంట్ సుత కాలేదు. అయినా లేచి నిలబడ్డది.

"వెళ్తాను సార్. తిరుమలన్న రాత్రి ఇంట్లో పడుకుని వస్తేనే."