నేను పేరు పెట్టిన నీరో

మొన్న బడి నుంచి రాగానే మా మనవరాలు సంచిలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. రోము చక్రవర్తి నీరో గురించి ఇచ్చిన హోంవర్కు అది. న్యూజిలాండులోని లోవర్ హట్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చి ఉండిపోయిన ఈ ఎనిమిదేళ్ళలో, నేనొకప్పుడు చరిత్ర లెక్చరర్నని ఇంట్లో ఎవరికైనా గుర్తొచ్చేది ఇలాంటప్పుడే. రోము తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించాడన్న కథ ఉత్సాహంగా మొదలుపెట్టబోతే, పిల్ల కాగితంలోని రెండో ప్రశ్న మీద వేలు పెట్టి, "తాతయ్యా, ఈ స్టోరీ రాసినవాళ్ళు, వర్ దే దేర్?" అంది. రాసినవాళ్ళు అప్పుడక్కడ ఉన్నారా అని దాని ప్రశ్న. లేరని నాకు బాగా తెలుసు, ఫిడేలు కథ అక్కడే ఆపేశాను.

మన తరానికి ఆ మాట ఎంతగా నోట్లో నానిందో మీకు చెప్పనక్కరలేదు. కరెంటు పోతే మంత్రిగారు నీరో, వానకు వీధి మునిగితే మునిసిపల్ ఛైర్మన్ నీరో. నిజానికి నీరో నాటికి ఫిడేలే పుట్టలేదు. మంటలు లేచినప్పుడు ఆయన ఊళ్ళోనే లేడనీ, తెలియగానే వచ్చి నిలువ నీడ లేనివాళ్ళకు తన తోటలు తెరిచి పెట్టాడనీ కూడా రాసి ఉంది. అలాగని మహానుభావుడేం కాదు, కన్నతల్లిని చంపించినవాడు. కాకపోతే మనకు మిగిలిన రాతలు చాలావరకు ఆయనంటే గిట్టని పెద్దింటి వాళ్ళు, ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు తీరిగ్గా కూర్చుని రాసినవి. ఇవన్నీ ఎమ్మే రోజుల్లోనే చదువుకున్నాను. అయినా క్లాసులో ఫిడేలు కథే చెప్పేవాణ్ణి, ఎందుకంటే వెనక బెంచీల వాళ్ళు తలెత్తేది దానికొక్కదానికే.

గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరి కాలేజీలో చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మా ప్రిన్సిపాల్ గారు పొదుపుగా మాట్లాడే మనిషి, హాజరు దగ్గర మాత్రం కర్కోటకుడు, ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం ఫిడేలు. కాలేజీ వెనక క్వార్టర్సులో ఆయనా ఆయన భార్యా ఇద్దరూ వాయించేవారు. ఒక ఆదివారం మధ్యాహ్నం రికార్డు గదికి నిప్పంటుకుంది. హాస్టలు పిల్లలు బకెట్లతో పరుగెత్తుతుంటే ఆ ఇంట్లోంచి ఫిడేలు వినిపిస్తూనే ఉందట. మర్నాడు ఆయన కుడిచేతికి కట్టుతో వచ్చారు, ఏమైందని అడిగితే ఏం లేదన్నారు.

అంతకు నాలుగు రోజుల ముందే, ఆలస్యంగా వచ్చానని అందరి ముందూ నా చేత సెలవు చీటీ రాయించారాయన. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు. ఆయన కట్టుతో వచ్చిన రోజే క్లాసులో పాఠం ముగిస్తూ, మన కాలేజీకీ ఒక నీరో ఉన్నాడనీ, ఫిడేలు మీద కమాను లాగీ లాగీ పాపం చెయ్యి బొబ్బలెక్కిందనీ అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. సాయంత్రానికి గేటు గోడ మీద బొగ్గుతో నీరో అని పడింది, వారానికి సమ్మె అయింది, రెండు నెలలకు ఆయన బదిలీ అయి వెళ్ళిపోయారు. నిప్పు లేనిదే పొగ రాదని స్టాఫు రూములో అనుకున్నాం. గదంతా కాలినా పిల్లల సర్టిఫికెట్లు ఎలా మిగిలాయని అడగాలని మాత్రం మాలో ఒక్కరికీ తోచలేదు.

చాలా ఏళ్ళకు, మా అటెండరు రిటైరైన రోజున, దండ మెడలో ఉండగానే నన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాడు. ఆ నిప్పు అతను ఆర్పకుండా పారేసిన బీడీది. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చిన ప్రిన్సిపాల్ గారు లోపలికి దూరి, కాలేజీలో చేరేటప్పుడు పిల్లలు అప్పగించిన ఒరిజినల్ సర్టిఫికెట్ల కట్టలన్నీ కిటికీ ఊచల సందుల్లోంచి అతని చేతికి అందించారట. పిల్లలు వచ్చేసరికి తన ఇంటి పెరటి బావి దగ్గర కాలిన చేతి మీద నీళ్ళు పోసుకుంటున్నారట. ఇంట్లో వాయిస్తున్నది ఆయన భార్య, ఆవిడకు నిప్పు సంగతే తెలియదు. "ఆయన నోరిప్పితే నా ఉజ్జోగం పోద్దండి. అందుకే అన్ని మాటలూ పడ్డారండి మాస్టారూ," అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చెయ్యి మళ్ళీ కమాను పట్టలేదనీ, ఆయన పోయి ఏడాదైందనీ అప్పుడే విన్నాను.

బయటపెడితే ఆ ముసలి అటెండర్ని ఏమంటారోనని నేనూ ఊరుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న సాకు, అసలు కారణం సిగ్గు. ఇప్పుడు ఆ అటెండరూ లేడు. మా పాత విద్యార్థులు కాలేజీ జ్ఞాపకాల సంచిక వేస్తున్నారు, అందులో సరదా కబుర్ల పేజీకి 'మా నీరో గారు' అని పేరు పెట్టారు. మనవరాలి ప్రశ్న విన్నాక ఇక మనసు నిలవక, రెండు రోజులు ఫోన్లో ఒక్క వేలితో టైపు కొట్టుకుంటూ జరిగిందంతా రాసి, ఆ మాట పుట్టించిన పాపం నాదేనని ఒప్పుకుని వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నవ్వు బొమ్మలు కొన్ని, దండాల బొమ్మలు కొన్ని వచ్చాయి.

ఆ సంచిక పని చూస్తున్న విద్యార్థి ఈ దేశంలోనే ఆక్లాండులో, హాబ్సన్‌విల్‌లో ఇల్లు కట్టుకుని సెటిలయ్యాడు. మర్నాడు ఫోన్ చేసి, "మీరు రాసింది బానే ఉందండి మాస్టారూ, కానీ పేజీ సెట్ చేసేశారండి. అయినా అందరికీ గుర్తున్నది పాత స్టోరీయే కదండీ, అదే ఉంచేద్దామండి," అన్నాడు మర్యాదగానే. అతని సర్టిఫికెట్టూ ఆ కట్టల్లోదే. ఆ మాట అందామనుకుని, ఓపిక లేక, సరే నాయనా అని పెట్టేశాను.

మన రోజుల్లో ఒక మాట పుడితే, అన్నవాడి మొహం చూసి, వీడికి ఆయనంటే పడదులే అని కొట్టిపారేసేవాళ్ళు కొందరైనా ఉండేవారు. ఇక్కడ పదేళ్ళ పిల్లలకు బళ్ళో నేర్పుతున్నదీ అదే. ఫోన్లలో తిరిగే మాటకు మాత్రం మొహం ఉండదు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు, తెలిసిన నేనేమో ఇన్నేళ్ళూ నిలకడగా నోరు మూసుకున్నాను. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, నా విద్యార్థులు ఈనాటికీ తడుముకోకుండా అప్పజెప్పేది ఆ నీరో మాటొక్కటే.