కాయితానికి కొలువు

నాచారంలో ఒక మందుల దుకాణం గోడ మీద నా ఫొటో వేలాడుతోంది. పక్కనే నా పేరు, నేను బి.ఫార్మసీ చదివానని చెప్పే సర్టిఫికెట్. పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా ఆ అద్దాల ఫ్రేము డ్యూటీ చేస్తుంది. నేను మాత్రం ఉప్పల్‌లో ఒక గోదాములో ఉంటాను. ఫోన్‌లో ఆర్డర్ పడగానే ఉల్లిగడ్డలు, పాల ప్యాకెట్లు సంచిలో సర్దే పని.

మందుల దుకాణం నడపాలంటే ఫార్మసీ చదివిన మనిషి ఉండాలని రూలు. మనిషిని పెట్టుకుంటే జీతమివ్వాలి, సర్టిఫికెట్‌ను పెట్టుకుంటే అద్దెతో సరిపోతుంది. నాతో చదివిన వాళ్లు చాలామంది ఇలాగే గోడలెక్కారు. ఎక్కక ఏం చేస్తారు? ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల కంపెనీల చుట్టూ ఎంత తిరిగానంటే, గేటు దగ్గర వాచ్‌మన్‌లు నన్ను దూరం నుంచే చూసి ఉద్యోగాలు లేవన్నట్టు చెయ్యి ఊపేవాళ్లు.

మా నాయిన జనగామ దిక్కు నుంచి వచ్చి, ఇక్కడి ఫ్యాక్టరీలో మిషన్ దగ్గర నిలబడి నన్ను చదివించాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్నాడు. ఆయనకు బీపీ. ఎన్ని గోలీలు తెచ్చిచ్చినా దిగదు. రోజూ వేసుకుంటున్నావా అని అడిగితే, నా మాట పూర్తికాకముందే ఏసుకున్న అంటాడు.

సర్టిఫికెట్ అద్దె సంగతి ఆయన బుర్రకు ఎంతకూ ఎక్కలేదు.

“కాయితానికి కొలువిచ్చి మనిషికియ్యకపోవుడేంది?” అన్నాడు.

నేను కసురుకున్నాను. ఆయనకున్నది ఒకటే ఆశ, నన్ను తెల్లకోటులో ఆ కౌంటర్ వెనక ఒక్కసారి చూడాలని. పోయి మా బిడ్డ ఏదని అడుగుతాడేమోనన్న భయంతో, ఆ దుకాణం ముందు నుంచి నడవనని ఒట్టు వేయించుకున్నాను.

ఆ రోజు నాకు సెలవు. దుకాణమాయన ఫోన్ చేశాడు. మందుల దుకాణాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ పక్క బజారులో దిగాడట. ఒక దుకాణం నుంచి ఇంకో దుకాణానికి ఈ కబురు ఫోన్లలో పాకుతుంది. కొందరు షట్టర్ దించేసి చాయ్‌కి పోతారు, మా దుకాణమాయన మాత్రం నన్ను పిలిపిస్తాడు. చెప్పులేసుకుంటుంటే నాయిన నేనూ వస్తానన్నాడు. వద్దని చెప్పి ఉరికాను.

కోటు దుకాణానిదే. ఎవరో మగమనిషి కొలతకు కొన్నది. చేతులు మడిచి గుండీలు పెట్టుకునేసరికి ఇన్‌స్పెక్టర్ మెట్లెక్కాడు. గోడ మీది ఫొటోను, నన్నూ చూశాడు. ఇన్సులిన్ ఎంత చల్లదనంలో ఉంచాలంటే చెప్పాను. నిద్రమాత్రలు ఎక్కడ పెడతారంటే సొరుగుల వైపు చూశాను. ఎవరికివ్వాలో, ఎందుకివ్వకూడదో అడిగితే గడగడా చెప్పేదాన్ని. ఏ సొరుగులో ఉన్నాయో నాకెలా తెలుస్తుంది?

“మేడమ్, జర బీపీ గోలీలియ్యుండ్రి.”

తలెత్తితే కౌంటర్ అవతల మా నాయిన. ఇస్త్రీ అంగీ వేసుకుని, ఎవరో కానట్టు నిలబడ్డాడు. ముందు పెద్దమనిషిని చూడమన్నట్టు ఇన్‌స్పెక్టర్ పక్కకు జరిగాడు. దుకాణమాయన గోలీలు తీసి నా చేతికందించాడు. ఏదో ఒకటి అడగాలి కదా, రోజూ అడిగేదే అడిగాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన్ని మీరు అన్నాను.

“రోజూ వేసుకుంటున్నారా?”

ఆయన నా కోటు వైపు చూశాడు.

“లేదు మేడమ్. రోజిడిసి రోజు ఏసుకుంటున్న. గోలీలు జర ఎక్కువ దినాలొస్తయని.”

గోలీలు ఆయన ముందు పెట్టి చెప్పాను. పొద్దున తిన్నాక తప్పకుండా వేసుకోవాలని, బాగుందనిపించినా ఆపొద్దని, ఇలా దాటేస్తే కాలో చెయ్యో పడిపోయే ప్రమాదముందని. ఆయన కొత్త సంగతి విన్నట్టు బుద్ధిగా తలూపాడు. ఇన్‌స్పెక్టర్ మళ్లీ సొరుగు మాట ఎత్తలేదు. ఆయనకేమీ అర్థం కాలేదని మాత్రం నేననుకోను.

ఇన్‌స్పెక్టర్ వెళ్లగానే దుకాణమాయన కోటు కోసం చెయ్యి చాపాడు. నాయిన ఇంకా అక్కడే ఉన్నాడు.

“జరసేపు ఉండనీయ్ సార్. మా బిడ్డ,” అన్నాడు.

దుకాణమాయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, అటు తిరిగి డబ్బాలు సర్దుకోసాగాడు. నేను ఊరికే నిలబడ్డాను. నాయిన కౌంటర్ మీద మోచేతులాన్చి కళ్లనిండా చూసుకున్నాడు. అంత సిగ్గు, అంత దుఃఖం నాకెప్పుడూ కలగలేదు. తర్వాత ఎవరో దగ్గుమందు కోసం వచ్చారు. నేను కోటు విప్పి ఇచ్చేశాను.

ఇంటికి నడుస్తూ, నాకెందుకు అబద్ధం చెప్పావని నిలదీశాను.

“బిడ్డవు. నువ్వు ఫికర్ జేస్తవని జెప్పలే,” అన్నాడు. “మేడమ్ అడిగితే ఎట్ల దాస్త?”

ఇప్పుడు రోజూ పొద్దున నేను ఉప్పల్ బస్సుకు బయలుదేరేటప్పుడు, మేడమ్, ఏసుకున్న అని గుమ్మంలోంచి నవ్వుతూ చెబుతాడు. నేనూ నవ్వుతాను. నిజమో కాదో తెలియదు. మేడమ్ అంటున్నాడే కానీ, నా ఒంటి మీద ఆ కోటు లేదు.